చైనా బడిలో కోరుట్ల పంతులమ్మ

పిల్లలూ, ఒక్క చేతి వేళ్ళతో పది దాకా చూపించగలరా?

"చేతికి ఉన్నవి ఐదే వేళ్ళు కదా, పది ఎట్లా చూపిస్తాం?" అంటారు మీరు. మీ అమ్మమ్మ అయితే బొటనవేలితో మిగిలిన నాలుగు వేళ్ళ కణుపులూ తాకుతూ పన్నెండు దాకా లెక్క పెడుతుంది. కాని అది తన కోసం పెట్టుకునే లెక్క. ఎదుటివాడికి తెలియదు. చైనాలో పిల్లలు ఎదుటివాడికి తెలిసేటట్టే, ఒంటి చేత్తో, పది దాకా చూపిస్తారు.

ఎలాగో చెబుతాను, మీరూ చేసి చూడండి. ఐదు దాకా మనలాగే. ఆరుకు బొటనవేలూ చిటికెనవేలూ చాచి, నడిమి మూడు వేళ్ళూ ముడవాలి. ఏడుకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు ఒకచోట కలపాలి, చిటికెడు ఉప్పు తీసుకున్నట్టు. ఎనిమిదికి బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే చాచాలి. తొమ్మిదికి చూపుడువేలిని కొడవలిలాగా వంచాలి. పదికి పిడికిలి బిగించాలి. ఊరికీ ఊరికీ ఈ గుర్తుల్లో కొద్ది కొద్ది తేడాలు ఉంటాయి. సంతలో గోల ఎక్కువగా ఉన్నప్పుడు అక్కడి పెద్దవాళ్ళు కూడా ధర ఈ విధంగానే చూపిస్తారు.

ఈ విద్య నాకు నేర్పినది నా శిష్యురాలు. నేను ముప్ఫైమూడేళ్ళు పిల్లలకు చదువు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా ఉద్యోగం చాలించాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కలే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఇంకొక జిల్లా అయినాయి. 2016 దాకా అవన్నీ కరీంనగర్ జిల్లాలోవే.

నా శిష్యురాలిది కోరుట్ల. ఆమె తల్లి బీడీలు చుట్టి పిల్లను చదివించింది. సాయంత్రం బడి వదలగానే ఈ పిల్ల ఇంటికి పోయి, తునికాకు కత్తిరిస్తూనే పాఠాలు వల్లించేది. పెద్దదై పంతులమ్మ పరీక్ష ప్యాసయింది. ఆమె తన పేరు రాయవద్దన్నది కనక, మనం ఆమెను కోరుట్ల పంతులమ్మ అనే అందాం.

2013 లో ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చి, "సార్, చైనాలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. పోవాల్నా, వద్దా?" అని అడిగింది.

నేను ఒకే ప్రశ్న వేశాను: "బిడ్డా, ఏ వీసా ఇస్తున్నరు?"

మా ప్రాంతంలో ఈ ప్రశ్న పుట్టుకతో వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫు దేశాలకు మనిషి పోని వాడ అరుదు. పని వీసా అని చెప్పి, చూడపోయే వీసా చేతిలో పెట్టి పంపిన ఏజెంట్ల మూలాన ఎన్ని కుటుంబాలు అప్పులపాలైనాయో మాకు తెలుసు. చైనాలో ఉద్యోగం చెయ్యటానికి జెడ్ వీసా ఉండాలి. వెళ్ళిన తరవాత అక్కడ పని అనుమతీ, నివాస అనుమతీ తీసుకోవాలి. ఆమెకు జెడ్ వీసాయే వచ్చింది. కాగితాలన్నీ చూసి, "పోయిరా బిడ్డా," అన్నాను.

పెద్దవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2017 నుంచి చైనాలో విదేశీయుల పని అనుమతులకు దేశమంతటా ఒకే పద్ధతి వచ్చింది. ఇంగ్లీషు చెప్పే పని ఇప్పుడు సాధారణంగా ఇంగ్లీషు మాతృభాషగా గల దేశాల పౌరులకే ఇస్తున్నారు. యాత్రికుల వీసా మీదనో, చదువు వీసా మీదనో పంపి, "అక్కడికి పోయినాక అన్నీ సర్దుకుంటయి," అనేవాడి మాట నమ్మరాదు. అనుమతి లేకుండా పని చేసేవారికి అక్కడి చట్టం ప్రకారం జరిమానా, నిర్బంధం కూడా ఉన్నాయి.

ఇక బడి సంగతి. అది దక్షిణ చైనాలో ఒక పట్నం. చైనాలో ప్రాథమిక పాఠశాల సాధారణంగా ఆరేళ్ళకు మొదలవుతుంది. అంతకు ముందు మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు వెళ్ళే బడి వేరు. అందులో మూడు తరగతులు: చిన్న తరగతి, నడిమి తరగతి, పెద్ద తరగతి. చిన్న తరగతిలో ఇరవై అయిదుగురు, నడిమి తరగతిలో ముప్ఫై, పెద్ద తరగతిలో ముప్ఫై అయిదు మంది ఉండాలని అక్కడి ప్రభుత్వ నిబంధన. మన పంతులమ్మకు నడిమి తరగతి ఇచ్చారు. ఆ తరగతికి ఇద్దరు చైనా పంతులమ్మలూ ఒక ఆయా ఉండేవారు.

పొద్దున బడి గుమ్మంలోనే ఒక నర్సమ్మ నిలబడి ప్రతి పిల్లవాడి నుదురూ గొంతూ అరచేతులూ చూసి లోపలికి పంపేది. జ్వరం ఉన్నవాడు ఇంటికే. మధ్యాహ్నం అందరికీ బడిలోనే భోజనం. భోజనమయాక చిన్న చిన్న మంచాలు పరిచి రెండు గంటలసేపు అందరినీ నిద్రపుచ్చేవారు. బడిలో నిద్రపోతే మన ఊళ్ళో చెవి మెలేస్తాం. అక్కడ నిద్రపోకపోతే పంతులమ్మ వచ్చి జోకొడుతుంది!

పంతులమ్మను పిల్లలు "లావ్‌షి" అని పిలుస్తారు. ఆ మాటలో మొదటి సగానికి "పాత" అనీ, రెండో సగానికి "గురువు" అనీ అర్థం. ఇరవై ఏళ్ళ పంతులమ్మ అయినా లావ్‌షియే.

మొదటి రోజున కోరుట్ల పంతులమ్మ కొత్త చీర కట్టుకుని, బొమ్మల అట్టలు పట్టుకుని తరగతిలోకి వెళ్ళింది. ఇంగ్లీషులో పొడుగాటి మాటలు నాలుగు చెప్పింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒక పిల్ల ఏడుపు అందుకున్నది. దాన్ని చూసి మరో ముగ్గురు ఏడ్చారు. ఆ సాయంత్రం పంతులమ్మ కూడా తన గదిలో ఏడ్చిందట.

వారం తరవాత ఒక తమాషా జరిగింది. ఒక పిల్లవాడి తల్లి గుమ్మంలోకి వచ్చింది. పంతులమ్మ తనకు కొత్తగా వచ్చిన చైనా మాటల్లో, "నీ తల్లి వచ్చింది," అన్నది. తరగతి అంతా గొల్లుమన్నది. ఎందుకంటే ఆమె అన్నది, "నీ గుర్రం వచ్చింది," అని!

చైనా భాషలో మాటకు అక్షరాలే కాదు, స్వరం కూడా ముఖ్యం. "మా" అనే ఒక్క మాటే తీసుకోండి. గొంతు ఎత్తుగా, సమంగా పెట్టి అంటే తల్లి. గొంతు కిందినుంచి పైకి లేపితే నార తీసే ఒక మొక్క. కిందికి దించి మళ్ళీ లేపితే గుర్రం. పైనుంచి ఒక్కసారిగా కిందికి పడేస్తే తిట్టటం. మనం ఎలా పలికినా "మామ" మామే. అక్కడ గొంతు జారితే తల్లి గుర్రమైపోతుంది.

పిల్లలు నవ్వి ఊరుకోలేదు. లేచి నిలబడి, చేతులు గాలిలో పైకీ కిందికీ ఆడిస్తూ, పంతులమ్మ చేత ఆ మాట ఇరవైసార్లు పలికించారు. అంతవరకూ నోరు విప్పని పిల్లలు కూడా ఆ రోజున పంతుళ్ళైపోయారు!

ఆ రాత్రి ఆమెకు ఒక ఉపాయం తోచింది. మర్నాటి నుంచి ఒక ఒప్పందం పెట్టింది: "మీరు నాకు ఒక మాట నేర్పండి, నేను మీకు ఒక మాట నేర్పుతాను." ఆమె నీళ్ళ గిన్నె చూపిస్తే పిల్లలు "షుయ్" అనేవారు. తరవాత ఆమె ఇంగ్లీషులో "వాటర్" అనేది. వాళ్ళు ఆమెకు తమ రాత కూడా చూపించారు. చెట్టు అనే మాటకు ఒక నిలువుగీత, ఒక అడ్డగీత, కింద రెండు వేళ్ళలాంటి గీతలు. అలాంటివి రెండు పక్కపక్కన రాస్తే తోపు. మూడు రాస్తే అడవి! ఆమె తన పేరు తెలుగులో రాసి చూపిస్తే పిల్లలు ఆ గుండ్రటి అక్షరాలు చూసి బుడగలనుకున్నారట.

లెక్కల దగ్గర మరొక వింత జరిగింది. పంతులమ్మ ఇంగ్లీషులో అంకెలు చెప్పించింది. పది దాకా బాగానే వచ్చింది. పది తరవాత పిల్లలు "టెన్ వన్, టెన్ టూ," అనసాగారు. "లెవన్, ట్వెల్వ్" అని ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అంతే. వీళ్ళకు బుర్ర లేదేమో అనుకున్నది ఆమె.

తరవాత చైనా అంకెలు తాను నేర్చుకుంటే సంగతి తెలిసింది. చైనా భాషలో పదిని "షి" అంటారు, ఒకటిని "యీ" అంటారు. పదకొండు "షి యీ", అంటే పది ఒకటి. రెండును "ఆర్" అంటారు. పన్నెండు "షి ఆర్", పది రెండు. ఇరవై "ఆర్ షి", రెండు పది. ఇంతే. పది మాటలు వస్తే తొంభైతొమ్మిది దాకా లెక్క వచ్చినట్టే. మన భాషలో "పది"కి "ఒకటి" చేరిస్తే "పదకొండు" అవుతుంది, "తొమ్మిది" చేరిస్తే "పందొమ్మిది" అవుతుంది. మన ఒకటో తరగతి పిల్లలు అక్కడే తడబడతారు. ఇంగ్లీషులో అయితే లెవన్‌లో పదీ కనిపించదు, ఒకటీ కనిపించదు.

అంటే, "టెన్ వన్" అన్న పిల్లవాడు బుర్ర లేనివాడు కాడు. తన భాషలోని తెలివిని పక్క భాషలోకి తెచ్చుకున్నాడు. తప్పు వెనక ఇంత లెక్క ఉన్నది!

ఇక ముఖ్యమైన సంగతి చెబుతాను. ఆ తరగతిలో నాలుగేళ్ళ పిల్లవాడు ఒకడుండేవాడు. వాడి తల్లిదండ్రులు ఎక్కడో దూరపు రాష్ట్రం నుంచి ఫ్యాక్టరీ పనికి ఆ పట్నానికి వచ్చారు. వాడి ఇంట్లో మాట్లాడేది తమ పల్లె యాస. వీధిలో పిల్లలు మాట్లాడేది ఆ ప్రాంతపు కాంటనీస్ భాష. బడిలో చెప్పేది దేశమంతటికీ ఉమ్మడి అయిన చైనా భాష. వీటిమీద కోరుట్ల పంతులమ్మ ఇంగ్లీషు ఒకటి! ఆ పిల్లవాడు నోరు మెదిపేవాడు కాడు. వారం గడిచింది, నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఒక్క మాట లేదు.

పంతులమ్మకు భయం వేసింది. వీడు మూగవాడేమోనని తనతోపాటు పని చేసే చైనా పంతులమ్మను అడిగింది. ఆవిడ, "వాడి నోరు చూడకు, వాడి కళ్ళు చూడు," అన్నదట.

అప్పటి నుంచి ఆమె వాణ్ణి మాట్లాడమనటం మానేసి, చిన్న చిన్న పనులు చెప్పసాగింది. ఇంగ్లీషులో, "ఎర్ర గ్లాసు తే," అంటే ఎర్ర గ్లాసే తెచ్చేవాడు. "తలుపు వెయ్యి," అంటే వేసేవాడు. వాడికి అన్నీ అర్థమవుతున్నాయి! కొత్త భాష మధ్య పడ్డ పిల్లలు చాలామంది కొంతకాలం ఇలా మౌనంగా ఉంటారు. ఆ కాలంలో వాళ్ళు ఊరికే ఉండరు. వింటూ, కూడబెడుతూ ఉంటారు. పొలంలో విత్తనం వేసిన మర్నాడే మొలక రాదు కదా! రాలేదని మట్టి తవ్వి చూస్తే ఉన్న విత్తనమూ పోతుంది. వినికిడిలోనో మరెక్కడైనానో లోపం ఉన్నదని అనుమానం కలిగితే వైద్యుడికి చూపించవలసిందే. కాని మౌనమంతా లోపం కాదు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం అందరూ నిద్రపోతున్నారు. పంతులమ్మకు ఏదో గుసగుస వినిపించింది. చూస్తే, ఆ పిల్లవాడు మంచం దిగి, అందరి చెప్పులూ వరసగా పేర్చి, వాటి ముందు నిలబడి, వేలు ఆడిస్తూ, "సిట్ డౌన్! సిట్ డౌన్!" అంటున్నాడు. కోరుట్ల పంతులమ్మ గొంతూ, తల విరుపూ అచ్చం దించేశాడు!

ఆమె 2015 లో తిరిగి వచ్చి మా ఇంటి అరుగు మీద కూచుని ఈ కథ చెప్పినప్పుడు అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు సిరిసిల్ల గుర్తుకు వచ్చింది.

సిరిసిల్ల మరమగ్గాల ఊరు. అక్కడి నేతపనివారు ఎంతోమంది బతుకుతెరువు కోసం మహారాష్ట్రలోని భివండీ పట్నానికి వెళ్ళి, అక్కడి మగ్గాల మీద పనిచేస్తారు. పని తగ్గినప్పుడు పిల్లాపాపలతో తిరిగి వస్తారు. నేను ఆ వైపు ఒక బడిలో కొత్తగా పని చేస్తున్న రోజుల్లో, అలా భివండీ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ కుర్రవాడు మూడో తరగతిలో చేరాడు. ఇంట్లో తెలుగే మాట్లాడినా, వాడు అక్కడ చదివినది మరాఠీ. నేను తెలుగు వాచకం చేతికిచ్చి చదవమన్నాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. "నోట్లె నాలుక లేదా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. తెలుగు అక్షరాలు రావని వాణ్ణి తీసుకుపోయి ఒకటో తరగతి పిల్లల మధ్య కూచోబెట్టాను. అది క్రమశిక్షణ అనుకున్నాను.

రెండు వారాలకు వాడు బడి మానేశాడు. కార్ఖానాలో కండెలు చుడుతున్నాడన్నారు. వాడు వదిలిపోయిన నోటుపుస్తకం బల్ల కింద దొరికింది. తెరిచి చూస్తే, పేజీ తరవాత పేజీ, ముత్యాల్లాంటి మరాఠీ అక్షరాలు. వాడు ఏమి రాశాడో నాకు అర్థం కాలేదు. ఆ పుస్తకం ముందు చదువు రానివాణ్ణి నేనే. ఆ సంగతి నాకు ఆ రోజున తట్టలేదు. ఇరవై ఏళ్ళు దాటిన తరవాత, చైనా పిల్లవాడి కథ విన్నాక తట్టింది. ఆ కుర్రవాడి కోసం తరవాత వాకబు చేశాను. మళ్ళీ భివండీ వెళ్ళిపోయారని మాత్రం తెలిసింది.

నా ఉద్యోగంలో అప్పటికి మూడేళ్ళు మిగిలి ఉన్నాయి. ఆ మూడేళ్ళూ ఒక నియమం పెట్టుకున్నాను. వేరే భాష వచ్చిన పిల్లవాడు కొత్తగా చేరితే, మొదటి రోజున వాడి చేత చదివించకూడదు. వాడికి సుద్దముక్క ఇచ్చి, వాడికి వచ్చిన అక్షరాలు నల్లబల్ల మీద రాయమనాలి. ఒకసారి భివండీ నుంచి వచ్చిన పిల్ల ఒకతె మరాఠీ "క" రాసింది. మా పిల్లలందరూ పలకల మీద అది దించి రాశారు. గంట గడిచేసరికి ఆ పిల్ల చుట్టూ గుంపు చేరింది. రెండు నెలల్లో ఆ పిల్ల తెలుగు వాచకం చదివింది.

కోరుట్ల పంతులమ్మ ఇప్పుడు జగిత్యాల దగ్గర ఒక బడిలో పని చేస్తున్నది. మా ప్రాంతపు ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. ఆ పిల్లలు తన తరగతికి వస్తే ఆమె మొదట అడిగేది, "మీ భాషలో నీళ్ళను ఏమంటారు?" అని. వాళ్ళు "పాణి" అంటారు. ఆమె వాళ్ళ వెంట పలికి, తరవాత "నీళ్ళు" అంటుంది. చైనాలో చేసుకున్న ఒప్పందమే!

తల్లిదండ్రులకు మరొక మాట. చైనాలో ఆ బడి గుమ్మం దగ్గర తల్లులు రోజూ, "ఇవాళ ఎన్ని ఇంగ్లీషు మాటలు వచ్చాయి?" అని అడిగేవారట. మన ఊళ్ళలో నర్సరీ బడుల దగ్గరా ఇదే ప్రశ్న. మూడేళ్ళ పిల్లకు ముందుగానే పెద్ద తరగతి చదువు రుద్దటం అక్కడ ఎంత ఎక్కువైందంటే, చివరకు చట్టం చెయ్యవలసి వచ్చింది. 2024 లో చేసిన ఆ చట్టం 2025 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చిన్నపిల్లల బడులు ప్రాథమిక పాఠశాల పాఠాలు చెప్పరాదు, ఆటపాటలతోనే గడపాలి. అక్కడి పిల్లలు ఒకటి, రెండు తరగతుల్లోనే సుమారు 1,600 గుర్తులు చదవటం నేర్చుకోవాలి. అంత చదువు ముందున్న పిల్లలకే తొందర వద్దన్నారంటే, మన యాభైఆరు అక్షరాల కోసం మూడేళ్ళ బిడ్డను ఏడిపించటం దేనికి?

పిల్లలూ, ఇక మీకు చివరి మాట. ఈ ఏడు మీ తరగతిలో ఎవరైనా కొత్తగా చేరి, వెనక బల్ల మీద మౌనంగా కూచుంటే, వాడికి ఏమీ రాదనుకోకండి. మీకు రానిది ఏదో వాడికి వచ్చు. దగ్గరికి వెళ్ళి, నీళ్ళను వాళ్ళ భాషలో ఏమంటారో అడగండి. మాట కుదరకపోతే, చిటికెనవేలూ బొటనవేలూ చాచి ఆరు చూపించండి. వాడు ఏడు చూపిస్తాడేమో చూద్దాం!